స్పోర్ట్స్ కారు బ్రేకులు: వేడిమి, బరువు

వేగంగా పరుగెత్తే కారును కొన్నవారు ఇంజను శక్తిని పెంచడంలో చూపే ఉత్సాహాన్ని బ్రేకుల విషయంలో అంతగా చూపరు. చూపినవారు కూడా పెద్ద డిస్కులు, పెద్ద కాలిపర్లు బిగించి, తేలికగా ఉండవలసిన కారును బరువెక్కిస్తారు. బరువు పెంచకుండా బ్రేకులను మెరుగుపరచడానికి వీలున్నదా? ముందుగా బ్రేకు చేసే పని ఏమిటో తెలుసుకోవాలి.

బ్రేకు కారు గతిశక్తిని వేడిమిగా మారుస్తుంది. 1989లో వెలువడిన మాజ్దా మియాటా వంటి చిన్న స్పోర్ట్స్ కారు బరువు సుమారు 1000 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి 386 కిలోజౌళ్లు. లీటరు మంచినీటిని మరిగించడానికి ఇది చాలు. 160 కిలోమీటర్ల వేగంలో అది 988 కిలోజౌళ్లకు చేరుతుంది.

ఇందులో 70 శాతం ముందు చక్రాల డిస్కులకు చేరుతుందనీ, ఆ రెండూ కలిసి 10 కిలోలనీ అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగం నుండి ఒక్కసారి ఆపగానే అవి సుమారు 60 డిగ్రీలు వేడెక్కుతాయి. ఊరిలో అవి చల్లారడానికి వ్యవధి ఉంటుంది. కొండదారిలోనూ, రేసు ట్రాకు మీదా ఉండదు.

ఆ వేడిమికి మొదట లొంగేది బ్రేకు ద్రవం. గ్లైకాల్ ఈథర్లతో చేసిన ఈ ద్రవం గాలిలోని తేమను క్రమంగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. ఫలితంగా పెడలు నేలను తాకినా కారు ఆగదు. ప్యాడ్లలోని ఫినాలిక్ రెజిన్ కూడా అతివేడిమికి విచ్ఛిన్నమై, ఘర్షణ తగ్గుతుంది.

కనుక తొలి మెరుగుదల కొత్త ద్రవం, అధికోష్ణాన్ని తట్టుకొనే ప్యాడ్లు. వీటివల్ల బరువు పెరగదు, ఖర్చూ స్వల్పమే. అయితే రేసు ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు; నిత్యం రోడ్డు మీద తిరిగే కారుకు అవి తగవు.

తరువాతిది డిస్కు. బరువు తగ్గించాలని దానిని పలుచన చేయరాదు. పలుచని రేకు పెనం దళసరి పెనం కంటే త్వరగా కాలినట్లే, పలుచని డిస్కు త్వరగా వేడెక్కుతుంది. ఘర్షణకు గురయ్యే వలయాన్ని పోత ఇనుముతోనే ఉంచి, నడిమి భాగాన్నీ కాలిపర్‌నూ అల్యూమినియంతో చేయడం వివేకం. ఇనుము సాంద్రత 7.2, అల్యూమినియం సాంద్రత 2.7. స్ప్రింగులకు దిగువన తగ్గిన బరువు వల్ల చక్రం గతుకులను చక్కగా అనుసరిస్తుంది. 2001లో పోర్షే 911 జిటి2లో వచ్చిన కార్బన్ సిరామిక్ డిస్కులు ఇనుప డిస్కులలో సగం బరువే. వాటి ఖరీదు మాత్రం సామాన్యులకు అందేది కాదు.

ఒక భ్రమను తొలగించుకోవాలి. చక్రాలను బిగబట్టగల బ్రేకులు ఉన్న కారుకు ఇంకా పెద్దవి అమర్చినా, తొలిసారి ఆగే దూరం తగ్గదు. దానిని నిర్ణయించేది టైరు పట్టు. మంచి బ్రేకు ప్రయోజనం వేరు: పదవసారి కూడా మొదటిసారి వలెనే ఆపడం. ఇంట్లోని యువకులు కొత్త కాలిపర్ల కోసం పట్టుబట్టినప్పుడు, పెద్దలు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: బ్రేకు ద్రవం మార్చి ఎన్నేళ్లయింది?