పాఠం 8: నెట్‌వర్క్ స్విచ్‌లో మాడ్యూల్, ఫైబర్ ట్రాన్సీవర్ అమర్చే పద్ధతి



ఒమన్‌కు హెల్పర్‌గా, కేబుల్ లాగే పనికి, ఎలక్ట్రీషియన్‌గా వచ్చినవారిలో కొందరికి టెలికం, ఇంటర్‌నెట్ పనులు ఇస్తుంటారు. మొదట గోతులు తవ్వడం, పైపులో ఫైబర్ లాగడం. కొన్నాళ్లకు సూపర్‌వైజర్ వచ్చి, "భాయ్, ఈ మాడ్యూల్ ఆ స్విచ్‌లో పెట్టెయ్" అంటాడు. పని రెండు నిమిషాలదే. కాని తప్పు చేస్తే ఒక ఆఫీసుకో, ఒక ఆస్పత్రికో లైను పోవచ్చు. మీ కంటికి హాని జరగవచ్చు. "నువ్వే పాడు చేశావు" అని జీతంలో కోత పెట్టే ప్రయత్నమూ జరగవచ్చు.

కావున ఈ పాఠంలో మూడు విషయాలు తెలుసుకుందాం: సామాను గుర్తుపట్టడం, వరుస తప్పకుండా అమర్చడం, పని రుజువు దగ్గర ఉంచుకోవడం.

1. సామాను గుర్తుపట్టండి

స్విచ్: ఇది గోడకుండే లైటు స్విచ్ కాదు. ర్యాక్‌లో బిగించే సన్నని ఇనుప పెట్టె. చాలా కంప్యూటర్లను, టవర్లను, ఆఫీసులను ఒకదానితో ఒకటి కలుపుతుంది.

ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్: స్విచ్‌కు అదనంగా పోర్టులు ఇచ్చే కార్డు. స్విచ్‌లో దీనికోసం ఖాళీ స్లాట్ ఉంటుంది. ఆ స్లాట్‌ను ఇనుప రేకుతో మూసి ఉంచుతారు. దీన్ని బ్లాంక్ ప్లేట్ అంటారు.

ట్రాన్సీవర్: బొటనవేలంత చిన్న లోహపు ముక్క. ఒక వైపు బంగారు రంగు పిన్నులు, ఇంకో వైపు ఫైబర్ పెట్టే రెండు రంధ్రాలు ఉంటాయి. కరెంటు సంకేతాన్ని వెలుగుగా, వెలుగును తిరిగి కరెంటు సంకేతంగా మారుస్తుంది. సైట్లో దీన్ని ఎస్‌ఎఫ్‌పి అంటారు. ఎస్‌ఎఫ్‌పి 1 గిగాబిట్‌ది, ఎస్‌ఎఫ్‌పి ప్లస్ 10 గిగాబిట్‌ది. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, లేబుల్ చదివితేనే తేడా తెలుస్తుంది. వెడల్పుగా ఉండే క్యూఎస్‌ఎఫ్‌పి రకాలు 40, 100 గిగాబిట్లవి.

ప్యాచ్ కార్డ్: ట్రాన్సీవర్‌కు పెట్టే ఫైబర్ తీగ. దాని రంగు చూసి రకం తెలుసుకోవచ్చు.

- పసుపు తీగ: సింగిల్ మోడ్. లోపలి గాజు దారం 9 మైక్రాన్లే. దూరపు లైన్లకు వాడతారు.
- నారింజ తీగ: పాత మల్టీమోడ్.
- లేత నీలి ఆకుపచ్చ తీగ: కొత్త మల్టీమోడ్. దీనిలోని గాజు దారం 50 మైక్రాన్లు. ఒకే భవనంలో, దగ్గరి దూరానికి వాడతారు.

మల్టీమోడ్ ట్రాన్సీవర్‌కు మల్టీమోడ్ తీగ, సింగిల్ మోడ్ ట్రాన్సీవర్‌కు సింగిల్ మోడ్ తీగ పెట్టాలి. ట్రాన్సీవర్ లేబుల్ మీద 850 అని ఉంటే మల్టీమోడ్, 1310 లేక 1550 అని ఉంటే సాధారణంగా సింగిల్ మోడ్. సందేహం ఉంటే లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసి టెక్నీషియన్‌కు చూపించండి. అడగడం సిగ్గుపడే పని కాదు.

2. దూరం చూసి ఎంచుకోవాలి

10 గిగాబిట్ ఎస్‌ఆర్ రకం కొత్త మల్టీమోడ్ తీగ మీద 300 నుంచి 400 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఎల్‌ఆర్ రకం 10 కిలోమీటర్లు, ఈఆర్ రకం 40 కిలోమీటర్లు, జెడ్‌ఆర్ రకం 80 కిలోమీటర్ల వరకు వెళుతుంది.

"ఎక్కువ దూరానిదైతే మంచిదేగా" అనుకోకండి. 80 కిలోమీటర్ల ట్రాన్సీవర్‌ను రెండు మీటర్ల తీగతో కలిపితే వెలుగు మరీ ఎక్కువై అవతలి వైపు రిసీవర్ పాడైపోతుంది. అటువంటి చోట వెలుగును తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి. పెట్టమని చెప్పవలసింది ఇంజినీరు. అతను చెప్పకపోతే మీరే అడగండి.

3. కన్ను జాగ్రత్త

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఫైబర్‌లోని వెలుగు కంటికి కనిపించదు. కనిపించదు గనుక రెప్ప కూడా ఆడదు. లైను వచ్చిందో లేదో చూద్దామని ఎప్పుడూ తీగ కొనలోకి గాని, ట్రాన్సీవర్ రంధ్రంలోకి గాని చూడకండి.

మామూలు ట్రాన్సీవర్లలో చాలావరకు క్లాస్ 1 లేజర్ రకం, అంటే మామూలు వాడుకలో అపాయం లేనివి. కాని మీ చేతిలో ఉన్న తీగ అవతలి కొన ఏ యంత్రానికి కలిపి ఉందో మీకు తెలియదు. దూరపు లైన్లలో వెలుగును పెంచే యంత్రాలు ఉంటాయి. వాటి శక్తి చాలా ఎక్కువ. భూతద్దం, మైక్రోస్కోప్ పెట్టి చూస్తే అపాయం ఇంకా పెరుగుతుంది. కొన శుభ్రంగా ఉందో లేదో మైక్రోస్కోప్‌తో చూడవలసి వస్తే, ముందు రెండు వైపులా లైను ఆపారని టెక్నీషియన్ నోటితో చెప్పించుకోండి.

కొందరు ఫోన్ కెమెరా పెట్టి చూస్తారు. కెమెరాలో 850 రకం వెలుగు కొన్నిసార్లు కనిపిస్తుంది, 1310, 1550 రకాలు కనిపించవు. కెమెరాలో ఏమీ కనిపించలేదంటే లైను చల్లగా ఉందని అర్థం కాదు. వెలుగు కొలవడానికి పవర్ మీటర్ ఉంది, అదే వాడాలి.

ఫైబర్ కోసిన చోట చిన్న గాజు ముక్కలు రాలుతాయి. కళ్లద్దాలు పెట్టుకోండి. ముక్కలను టేపుకు అంటించి మూత ఉన్న డబ్బాలో వేయండి. ఆ బల్ల మీద అన్నం, టీ పెట్టుకోకండి. చేతులు కడుక్కోకుండా కళ్లు నలపకండి.

4. ఒమన్ ఎండ, తేమ, స్టాటిక్

ఒమన్‌లో ఎండ సామానుకు కూడా శత్రువే. 2018 జూన్ 26న ఖురయ్యాత్‌లో రాత్రి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు తగ్గలేదు. అటువంటి చోట బయట నిలబెట్టిన క్యాబినెట్ లోపల వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది. మామూలు ట్రాన్సీవర్లు 0 నుంచి 70 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. బయటి క్యాబినెట్లకు మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు తట్టుకునే ఇండస్ట్రియల్ రకం వాడతారు. ట్రాన్సీవర్లను డబ్బాతో సహా పికప్ బండి డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకండి.

మస్కట్, సోహార్, సలాలా వంటి సముద్రతీరాల్లో గాలిలో తేమ ఎక్కువ. చల్లని ఏసీ గదిలోని సామానును వెంటనే బయటి వేడిలోకి తెచ్చి విప్పితే, ఐస్ నీళ్ల గ్లాసుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. ప్యాకెట్ విప్పకుండా అలాగే ఉంచి, అక్కడి వేడికి అలవాటు పడ్డాక విప్పండి.

ఏసీ గదుల లోపలేమో గాలి పొడిగా ఉండి స్టాటిక్ కరెంటు పుడుతుంది. తలుపు గడియ ముట్టుకుంటే చురుక్కుమనేది అదే. మనకు చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. అంతకంటే ఎంతో తక్కువకే మాడ్యూల్ దెబ్బతింటుంది, మనకు తెలియను కూడా తెలియదు. అందుకే చేతికి ఈఎస్‌డి పట్టీ కట్టుకుని, దాని క్లిప్పును ర్యాక్ ఎర్తుకు తగిలించాలి. పట్టీ ఇవ్వకపోతే అడగండి.

5. మాడ్యూల్ అమర్చే వరుస

(1) వర్క్ ఆర్డర్‌లో స్విచ్ పేరు, స్లాట్ నంబరు చూడండి. ర్యాక్ మీది లేబుల్‌తో పోల్చండి. రెండూ కలవకపోతే ఆగండి.

(2) పని మొదలుపెట్టడానికి కంట్రోల్ రూం అనుమతి వచ్చిందా అని అడగండి. మనవాళ్లకు ఎన్‌ఓసి అంటే కంపెనీ మారే కాగితమే గుర్తొస్తుంది. టెలికం సైట్లో ఎన్‌ఓసి అంటే నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూం. వాళ్లకు తెలియకుండా చెయ్యి పెట్టకూడదు.

(3) పవర్ ఆపాలా, అక్కర్లేదా అడగండి. కొన్ని స్విచ్‌లలో పవర్ ఉండగానే మాడ్యూల్ మార్చవచ్చు, కొన్నింటిలో ఆపి తీరాలి. ఇది ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. తెలియకపోతే ఊహించకండి. "సార్, పవర్ బంద్ కర్‌నా హై క్యా?" అని అడిగితే చాలు.

(4) ఒమన్‌లో కరెంటు 240 వోల్టులు. పెద్ద స్విచ్‌లకు రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒకటి తీసినా రెండోది నడుస్తూనే ఉంటుంది. పవర్ వైర్లు విప్పే పని ఆ అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

(5) ముట్టుకునే ముందు స్విచ్‌ను, తీగలను ఫొటో తీయండి. సైట్లో ఫొటో నిషేధం ఉంటే సూపర్‌వైజర్‌నే తీయమనండి.

(6) పట్టీ కట్టుకుని బ్లాంక్ ప్లేట్ విప్పండి. ప్లేటు, స్క్రూలు దాచిపెట్టండి. వాడని స్లాట్‌కు ప్లేటు లేకపోతే గాలి దారి తప్పి స్విచ్ వేడెక్కుతుంది.

(7) మాడ్యూల్‌ను అంచులు పట్టుకుని కవరులోంచి తీయండి. పిన్నులు ముట్టుకోకండి. స్లాట్ గాడిలో నిటారుగా పెట్టి మెల్లగా తోయండి. అడ్డుపడితే బలం వేయకండి. బయటకు తీసి, వంకర ఉందేమో చూసి మళ్లీ పెట్టండి.

(8) చివరిదాకా కూర్చున్నాక స్క్రూలు బిగించండి. చేతి బిగువు చాలు.

6. ట్రాన్సీవర్ అమర్చే వరుస

ట్రాన్సీవర్‌ను పవర్ ఉండగానే పెట్టవచ్చు, తీయవచ్చు. అయినా నడుస్తున్న లైనుది తీస్తే ఆ లైను పోతుంది. కాబట్టి పోర్టు నంబరు రెండుసార్లు చదవండి.

(1) ముందున్న కమ్మీని మూసి ఉంచి, లేబుల్ ఉన్న వైపు సరిచూసి పోర్టులోకి తోయండి. టక్కుమని శబ్దం వస్తే కూర్చున్నట్టు. కింది వరుస పోర్టుల్లో కొన్ని స్విచ్‌లకు తలకిందులుగా పెట్టాలి.

(2) రబ్బరు మూతను తీగ పెట్టే క్షణం వరకు తీయకండి. కంటికి కనిపించని దుమ్ము రేణువు 9 మైక్రాన్ల దారాన్ని మూసేయగలదు. లైను రాకపోవడానికి తరచు ఇదే కారణం.

(3) తీగ కొనను క్లీనర్ పెన్నుతో గాని, నూలు రాలని గుడ్డతో గాని తుడవండి. చొక్కా అంచుతో తుడవకండి. నోటితో ఊదకండి, ఉమ్మి తడి అంటుకుంటుంది. కొత్త తీగైనా తుడవాలి.

(4) తీగ పెట్టండి. ఇటు పంపే రంధ్రం అటు అందుకునే రంధ్రానికి వెళ్లాలి. లైటు వెలగకపోతే రెండు కొనలను ఒక వైపు మాత్రమే తారుమారు చేసి చూడవచ్చు.

(5) తీగను టీ గ్లాసు వెడల్పు కంటే బిగుతుగా చుట్టకండి. ప్లాస్టిక్ టైతో నొక్కి కట్టకండి.

(6) తీసేటప్పుడు ముందు ఫైబర్ తీగ, తర్వాత కమ్మీ తెరిచి ట్రాన్సీవర్. తీగ ఉండగా ట్రాన్సీవర్‌ను లాగకండి.

లైటు వచ్చినా పని అయిపోయినట్టు కాదు. కంట్రోల్ రూం వాళ్లు చూసి సరే అన్నాకే సామాను సర్దండి. లైటు రాకపోతే ట్రాన్సీవర్‌ను పదే పదే పీకి పెట్టకండి. కొన్ని స్విచ్‌లు వేరే కంపెనీ ట్రాన్సీవర్‌ను ఒప్పుకోవు. అది కంప్యూటర్‌లో సరిచేయవలసిన విషయం, మీ చేతి తప్పు కాదు.

7. మీ హక్కు, మీ రుజువు

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, సైటు, పని మొదలైన గంట, ముగిసిన గంట, ఎవరు చెప్పారు, ఏ స్లాట్, ఏ పోర్టు అని తెలుగులోనే రాసుకోండి. ట్రాన్సీవర్ సీరియల్ నంబరు కూడా రాయండి. ముందే పాడైన సామాను ఇస్తే అప్పుడే చెప్పి రాయించండి.

ఒమన్ కార్మిక చట్టం (రాయల్ డిక్రీ 53/2023) 2023 జూలైలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు. నెట్‌వర్క్ పనులు ఎక్కువగా రాత్రిపూట పెడతారు గనుక ఓవర్‌టైం లెక్కకు మీ నోటుపుస్తకమే ఆధారం. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో బయట పని చేయించకూడదు. బయటి క్యాబినెట్ పనికి కూడా ఇది వర్తిస్తుంది.

సామాను పాడైందని జీతంలో కోస్తామంటే ఎంత, ఎందుకు అని కాగితం మీద అడగండి. అర్థం కాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకండి. "సార్, చదివించుకుని రేపు ఇస్తాను" అని మర్యాదగా చెప్పండి. పరిష్కారం కాకపోతే కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఉన్న భారత రాయబార కార్యాలయానికి రావచ్చు. ఓపెన్ హౌస్ రోజున మీ సమస్య నేరుగా చెప్పుకోవచ్చు.

మీ వీసా ఏ కంపెనీదో ఆ కంపెనీ పనే చేయండి. సెలవు రోజున ఇంకొకరి సైట్లో మాడ్యూల్ పెట్టి నాలుగు రియాళ్లు సంపాదిద్దామంటే, పట్టుబడినప్పుడు నష్టం మీదే.

కంటికి దెబ్బ తగిలినా, షాక్ కొట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అత్యవసరానికి 9999కు ఫోన్ చేయండి. గాయం పనిలో జరిగిందని ఆస్పత్రి కాగితంలో రాయించుకోండి.

గుర్తుంచుకోండి

- తీగ కొనలోకి చూడవద్దు.
- పట్టీ లేకుండా మాడ్యూల్ ముట్టవద్దు.
- అనుమతి లేకుండా పవర్ ఆపవద్దు, తీగ తీయవద్దు.
- తుడవకుండా ఫైబర్ పెట్టవద్దు.
- రాసుకోకుండా సైటు వదలవద్దు.

ఈ పని శ్రద్ధగా నేర్చుకున్నవాడు ఎల్లకాలం హెల్పర్‌గానే ఉండనక్కర్లేదు. మీ నోటుపుస్తకంలోని పేజీలే రేపు ఊరికి తిరిగి వెళ్లాక మీ అనుభవానికి సాక్ష్యం. సూపర్‌వైజర్ "జల్దీ, జల్దీ" అన్నా మీ వరుస మీరు తప్పకండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఒక మాట పడతారు, అంతే. కన్ను పోతే తిరిగి రాదు. మీ కోసం ఊళ్లో ఎదురుచూసేవాళ్లు ఉన్నారని మరువకండి.