అయ్యగారు రాని ఆదివారం

వెలిగండ్ల, కనిగిరి, పామూరు వైపు నుంచి అమెరికా వెళ్ళే మన క్రైస్తవ పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగితే బెంగ లేదు. అక్కడ తెలుగు సంఘాలున్నాయి, తెలుగు పాటలున్నాయి, ఆరాధన అయ్యాక పులిహోర కూడా ఉంటుంది. ఉద్యోగం చిన్న ఊళ్ళో పడితేనే తిప్పలు. ఒక కాలేజీ, ఒక ఆసుపత్రి, రెండు పెట్రోలు బంకులు ఉండే ఊరు. దాని నడిబొడ్డున ఎర్ర తలుపున్న పాత రాతి గుడి, దాని ముందు ‘ఎపిస్కోపల్ చర్చి మీకు స్వాగతం పలుకుతోంది’ అని నీలం, తెలుపు, ఎరుపు రంగుల బోర్డు. లోపలికి వెళితే ముప్పై మంది ఉంటారు, అందులో ఇరవై మందివి తెల్లజుట్టు తలలు. మీరు మూడు ఆదివారాలు వరసగా వెళ్ళారంటే నాలుగో ఆదివారం ఎవరో ఒకరు ఏదో ఒక పని చేతిలో పెడతారు. ఇది ఆ నాలుగో ఆదివారానికి ముందే చదువుకోవాల్సిన సంగతి.

మన ప్రాంతం నుంచి వెళ్ళేవారు అందరూ ఒక తరహా కాదు. ఎపిస్కోపల్ అంటే అమెరికాలోని ఆంగ్లికన్ చర్చే కాబట్టి గిద్దలూరు, కలసపాడు వైపు వాళ్ళకు ఈ గుడి సగం తెలిసిందే. అవి ఇంగ్లండు ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషనరీలు పనిచేసిన ఊళ్ళు, నంద్యాల డయోసిస్ కిందివి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు కూడా నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అందులో కలవకుండా విడిగా నిలబడి, 1975లో గానీ కలవలేదు. కాబట్టి ప్రార్థన పుస్తకం, మోకాళ్ళూనడం, బిషప్పు గారి రాక, ఇవన్నీ వాళ్ళ ఇంట్లో మాటలే. బిషప్పుగా స్త్రీ ఉండటం కూడా వాళ్ళకు కొత్తేమీ కాదు. సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్పు ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో అభిషేకం పొందింది నంద్యాలకే. అమెరికా ఎపిస్కోపల్ చర్చిలో బార్బరా హారిస్ 1989లోనే బిషప్పయ్యారు.

వెలిగండ్ల, కనిగిరి వైపు సంగతి వేరు. అది అమెరికన్ బాప్టిస్టుల నేల. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు చేరకముందే, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మనిషి. తాను విన్న సంగతి ఊరూరా తిరిగి చెప్పింది ఆయనే. 1878 జులై 3న ఒక్కరోజులో గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాక, అన్ని పల్లెలకూ ప్రతి ఆదివారం వెళ్ళే దొర ఎక్కడున్నాడు? సంఘ పెద్దలు, పల్లె టీచర్లు, బైబిల్ ఉమెన్ నడిపారు. అందుకే అయ్యగారు లేకుండా ఆరాధన అంటే మనవాళ్ళు కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది ఇంకోచోట: ఎపిస్కోపల్ గుడిలో ఎవరు ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అన్నది కట్టుబాటుగా రాసిపెట్టి ఉంటుంది. మన పల్లెల్లో గొంతున్నవాడు పాడతాడు, మాట వచ్చినవాడు వాక్యం చెబుతాడు. అక్కడ అలా కుదరదు.

ముందు కాగితాలు. బయలుదేరేటప్పుడు మీ సంఘం అయ్యగారి దగ్గర బాప్తిస్మ సర్టిఫికేటు, సభ్యత్వం బదిలీ ఉత్తరం తీసుకోండి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్ళతో బాప్తిస్మం పొంది ఉంటే ఎపిస్కోపల్ వాళ్ళు మళ్ళీ ఇవ్వరు. చెరువులో ముంచినా, పళ్ళెంలో నీళ్ళు చల్లినా వాళ్ళ లెక్కలో ఒకటే. సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కుటుంబంలోదే కనుక బదిలీ ఉత్తరం సులువుగా చెల్లుతుంది. బాప్టిస్టుగా వెళ్ళినవారు కావాలనుకుంటే బిషప్పు వచ్చినప్పుడు కన్ఫర్మేషన్ తీసుకోవచ్చు. తొందరేమీ లేదు.

మన దగ్గర చాలామందికి చిక్కు పేరుతోనే. గుడిలో ఏసురత్నం, స్కూలు సర్టిఫికెట్‌లో వెంకటేశ్వర్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి రెండు పేర్లతో బతికిన కుటుంబాలు మన మండలాల్లో ఎన్నో. అక్కడి అయ్యగారికి, అంటే ప్రీస్టుకు, ఇదంతా అర్థం కాదు, అర్థం కావాల్సిన అవసరమూ లేదు. రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పి, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే అక్కడి రిజిస్టరులో రాయించుకోండి. రేపు మీ కానుకల రసీదు, ఆదాయపన్ను కాగితం ఒకే పేరు మీద ఉండాలి.

ఇక పెద్దరికాల సంగతి. అక్కడి అయ్యగారిని రెక్టర్ అంటారు. బిషప్పు నియమించి పంపిన చిన్న మిషన్ సంఘమైతే వికార్. ‘ఫాదర్’ అనో ‘మదర్’ అనో పిలవొచ్చు, చాలామంది పేరు పెట్టే పిలుస్తారు. మీకు నోరు రాకపోతే ‘ఫాదర్’ దగ్గరే ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు. డీకన్ అంటే మన బాప్టిస్టు సంఘాల్లో ఎన్నికైన సంఘ పెద్ద. అక్కడ బిషప్పు చేతులుంచి అభిషేకించిన సేవకుడు. మీరు ఊళ్ళో డీకన్ అని పరిచయం చేసుకుంటే మీకు తెల్ల అంగీ తొడిగే ప్రమాదం ఉంది.

మన పాస్టరేట్ కమిటీకి దగ్గరగా ఉండేది వెస్ట్రీ. మిషన్ సంఘాల్లో దాన్ని బిషప్స్ కమిటీ అంటారు. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో, చాలాచోట్ల జనవరిలో, సభ్యులు ఎన్నుకుంటారు. సాధారణంగా మూడేళ్ళ పదవి, ఏడాదికి కొందరు చొప్పున దిగిపోతుంటారు. ఆస్తి, డబ్బు, ప్రీస్టును పిలిపించుకోవడం: ఈ మూడూ వెస్ట్రీవి. చట్టం దృష్టిలో సంఘానికి ప్రతినిధులు వాళ్ళే. పాటలు, ఆరాధన క్రమం, బలిపీఠం ప్రీస్టువి. ‘వచ్చే ఆదివారం ఈ పాట పాడాలి’ అని వెస్ట్రీలో తీర్మానం చెయ్యబోతే మర్యాదగా నోరు మూయిస్తారు. మన దగ్గర కమిటీ ఎన్నికంటే రెండు వర్గాలు, నాలుగు జీపులు. అక్కడ వెస్ట్రీకి నిలబడేవాళ్ళు దొరక్క బతిమాలుతుంటారు. చిన్న సంఘంలో పెద్దరికం అంటే బాయిలరు చెడిపోయిన రాత్రి ఎవరికి ఫోను వస్తుందో వాళ్ళదే. ఆ ఫోను ఎక్కువగా వెస్ట్రీలోని జూనియర్ వార్డెన్‌కు వస్తుంది. కప్పు, మెట్లు, మంచు తోయడం ఆయనవి. సీనియర్ వార్డెన్ ప్రీస్టుకు కుడిభుజం. ప్రీస్టు ఉద్యోగం వదిలి వెళితే, కొత్తవారు వచ్చేదాకా సంఘం బరువంతా ఆ మనిషి నెత్తినే. అలాంటి కాలం ఏడాది, ఏడాదిన్నర నడిచినా వింతేమీ కాదు.

మొదటి ఏడాది వెస్ట్రీలో చేరమంటే వద్దనండి. గౌరవమని కాదనలేక ఒప్పుకునేవాళ్ళే మనలో ఎక్కువ. ఒక ఏడాది ఆరాధన క్రమం, ఒక బడ్జెట్టు, ఒక చలికాలం చూశాక ఒప్పుకుంటే మీరు చెప్పే మాటకు బలముంటుంది.

అయ్యగారు రాని ఆదివారం ఎలా గడుస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. చిన్న సంఘాలు పూర్తికాలపు ప్రీస్టును పోషించలేవు. నెలకు రెండుసార్లే ప్రీస్టు వచ్చే గుళ్ళు చాలా ఉన్నాయి. మిగతా ఆదివారాలు సంఘస్థుల్లో ఒకరు 1979 నాటి ప్రార్థన పుస్తకం తెరిచి ఉదయ ప్రార్థన నడిపిస్తారు. నడిపేవారు రొట్టెను, ద్రాక్షారసాన్ని ప్రతిష్ఠించలేరు. పాపక్షమాపణ మాటల దగ్గర ప్రీస్టయితే ‘మిమ్మును’ అంటారు. సంఘస్థుడు చదివితే ‘మమ్మును’ అని మార్చి చదవాలని పుస్తకంలోనే ఉంది. ఆ చోటికి వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ చెవి రిక్కిస్తుంది, జాగ్రత్త. ప్రసంగించడానికి బిషప్పు లైసెన్సు ఉండాలి. లేనివారు ఇంకొకరు రాసిన ప్రసంగం చదువుతారు. లేదా ప్రసంగమే ఉండదు, ఆరాధన నలభై నిమిషాల్లో అయిపోతుంది. మన లెక్కలో అది పాటల ప్రారంభానికే చాలదు.

మీకు మొదట వచ్చే పని పాఠం చదవడం కావచ్చు. బుధవారానికే ఆ భాగం మెయిల్లో వస్తుంది. ఇంట్లో రెండుసార్లు పైకి చదవండి. మీ యాస గురించి సిగ్గు పడకండి, మెల్లగా చదివితే చాలు. చదవడం అవగానే ‘ప్రియమైన వారలారా, ఈ వాక్యభాగంలో’ అని మొదలుపెట్టకండి. మనవాళ్ళకు మైకు ముందు నిలబడితే నాలుక దురద. పాఠం అయ్యిందని చెప్పే మాట ఒకటి రాసి ఉంటుంది, అది పలికి వచ్చి కూర్చోవాలి. మీ అమ్మగారి మోకాలి ఆపరేషన్ కోసం ప్రార్థన కావాలంటే సంఘ ప్రార్థనల్లో పేర్లు చేర్చే చోటుంది. పేరు ఒక్కటే చెప్పాలి, కథ కాదు.

గిన్నె పట్టుకుని ద్రాక్షారసం అందించేవారికి, ఆసుపత్రిలో ఉన్నవారికి సంస్కారం తీసుకువెళ్ళేవారికి బిషప్పు లైసెన్సు ఇస్తారు. గిన్నెలోది నిజమైన వైన్. మన బాప్టిస్టు ఇళ్ళవాళ్ళకు మొదటిసారి గొంతులో దిగదు. రొట్టె మాత్రం తీసుకున్నా సంస్కారం పూర్తిగా తీసుకున్నట్టే, గిన్నె వచ్చినప్పుడు చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుంటే ముందుకు సాగిపోతారు.

బలిపీఠం బట్టలు, గిన్నెలు, పూలు చూసుకునేవారిది ఆల్టర్ గిల్డ్. శనివారం పొద్దున ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని నార గుడ్డలు ఇస్త్రీ చేస్తుంటారు. మగవాళ్ళు చేరినా అభ్యంతరం లేదు. ప్రతిష్ఠించిన రసం మిగిలితే మామూలు సింకులో పొయ్యరు, తాగేస్తారు లేదా నేల మీద పోస్తారు. పాత గుళ్ళలో దీనికోసమే విడిగా ఒక తొట్టి ఉంటుంది, దాని గొట్టం డ్రైనేజీకి కాకుండా నేరుగా మట్టిలోకి దిగుతుంది. గిన్నెలు కడుగుతానని ఉత్సాహంగా ముందుకు దూకే ముందు ఏ కుళాయో అడగండి.

ఆరాధన తర్వాత కాఫీ వేళ. మీ వంతు వచ్చినప్పుడు పకోడీలు చేస్తే పళ్ళెం ఐదు నిమిషాల్లో ఖాళీ. వేరుశనగ మాత్రం వాడకండి. మన వైపు వంటకు అది ప్రాణం, అక్కడ కొందరికి ప్రాణాపాయం. ఏం వేశారో చీటీ మీద రాసి పెట్టండి.

పిల్లల విషయం తేలిగ్గా తీసుకోకండి. సండేస్కూలు చెప్పడానికి ఒప్పుకుంటే ముందు రక్షణ శిక్షణ, నేర చరిత్ర తనిఖీ ఉంటాయి. మిమ్మల్ని అనుమానించి కాదు, అందరికీ అంతే. ఒక గదిలో పిల్లలతో పెద్దవారు ఒక్కరే ఉండకూడదు. మన అలవాటు కొద్దీ ఎవరి బిడ్డనో ఎత్తుకుని బుగ్గ గిల్లడం అక్కడ కుదరదు.

డబ్బు దగ్గర అక్కడి పద్ధతి నాకు నచ్చుతుంది. శరదృతువులో ఒక కార్డు ఇస్తారు. వచ్చే ఏడాది నేను ఇంత ఇస్తానని రాసివ్వాలి, పరిస్థితి మారితే మార్చుకోవచ్చు. ఆ కార్డుల మొత్తం చూసే వెస్ట్రీ బడ్జెట్టు వేస్తుంది. మన కోత పండగలో గుమ్మడికాయను వేలం పాట పాడి, పౌరుషం కొద్దీ వెయ్యి రూపాయలకు కొన్న మనిషి పేరు ఏడాదంతా చెప్పుకుంటాం. అక్కడ ఎవరు ఎంత రాశారో ట్రెజరర్‌కో, కానుకల లెక్క రాసే ఒకరికో తప్ప తెలియదు. ఆదివారం కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకుండా చూస్తారు. ఇద్దరూ సంతకం చేసి బ్యాంకులో వేస్తారు. సంచి ఒక్క రాత్రి కూడా ఎవరింటికీ వెళ్ళకూడదు. ఏటా ఆడిట్ చెయ్యాలన్నది చర్చి చట్టం. లెక్కపెట్టే పని అడిగితే సంతోషంగా ఒప్పుకోండి, సంఘం ఎలా బతుకుతోందో తెలుసుకోవడానికి అంతకు మించిన దారి లేదు. ఏడాది చివర మీ కానుకల మొత్తం రాసి ఉత్తరం ఇస్తారు, పన్ను మినహాయింపు కోరేవారికి అది పనికొస్తుంది. వెలిగండ్లలో గుడికి నేరుగా పంపిన డబ్బుకు ఆ మినహాయింపు రాదు. అలాగని పంపడం మానకండి.

వీసా మాట. ఎఫ్-1 మీదో హెచ్-1బి మీదో ఉన్నవారు గుడిలో ఊరికే ఎంత సేవ చేసినా ఇబ్బంది లేదు. కీబోర్డు వాయించినందుకో, లెక్కలు రాసినందుకో జీతంగా చెక్కు ఇస్తామంటే తీసుకోకండి. వాళ్ళు మంచి మనసుతోనే ఇస్తారు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు మనసు చూడరు.

మీ వార్డెన్ మగవాడే అయ్యుండి, పక్కనున్న మగమనిషిని తన భర్తగా పరిచయం చెయ్యవచ్చు. 2015 నుంచి అలాంటి పెళ్ళిళ్ళకు ఆ చర్చిలో క్రమమే ఉంది. మీ నమ్మకం మీది, దాన్ని మార్చుకోమని ఎవరూ అడగరు. ఆ మనిషి చేతి నుంచి గిన్నె అందుకోగలనా అన్నది మాత్రం సభ్యత్వం రాసుకునే ముందే తేల్చుకోండి. తర్వాత మొహం తిప్పుకోవడం కంటే అది మర్యాద.

పదహారేళ్ళు నిండితే పెద్ద సభ్యుల కిందే లెక్క. ఏడాదిలో కనీసం మూడుసార్లు సంస్కారం తీసుకుని, ఆరాధనలోను పనిలోను ఇవ్వడంలోను నిలకడగా ఉంటే సర్వసభ్య సమావేశంలో మీకూ ఓటుంటుంది. మీ డయోసిస్ నిబంధన ఒకసారి అడిగి చూసుకోండి. డయోసిస్ కన్వెన్షన్‌కు ప్రతినిధిగా వెళ్ళమంటే వెళ్ళండి, ఒకటి రెండు రోజుల పని.

ఎప్పుడో ఒక రోజు ఎవరో ఒక తాళం చెవి చేతిలో పెట్టి, ‘శనివారం నువ్వు తెరుస్తావు కదా’ అంటారు. మురిసిపోయి జేబులో వేసుకునే ముందు అలారం కోడు ఎంతో, తలుపు తీసిన ఎన్ని సెకన్లలో నొక్కాలో, తప్పు నొక్కితే పోలీసుల కంటే ముందు ఎవరికి ఫోను చెయ్యాలో అడిగి రాసుకోండి.