చదరంగపు గడులలోని మహాసంఖ్య

11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరము నుండి వేంగిదేశము నేలెను. ఆయన కోరికపై నన్నయభట్టు భారతమును తెనిగింప బూనెను. ఆ కాలమువాడేయని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు చేసెను. కథలేకాదు, లెక్కలును తెలుగు పద్యములలో ఇముడునని ఆతడు చూపెను.

మల్లన పేర ప్రసిద్ధమైన యొక పద్యమున చదరంగపు లెక్క కలదు. చదరంగపు పలకపై 64 గడులుండును. మొదటి గడిలో 1 గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు గడిగడికి రెట్టింపు చేసినచో మొత్తమెంత?

1,84,46,74,40,73,70,95,51,615.

గ్రామునకు 50 బియ్యపు గింజలు తూగుననుకొన్నను, ఇవి 36 వేల కోట్ల టన్నులకు మించును. ధాన్యాగారమని పేరుపొందిన మన గోదావరి డెల్టా పంటనంతను ఏండ్ల తరబడి కూడబెట్టినను చాలదు.

ఇరువది అంకెల ఈ సంఖ్యను కవి మాటలలో బంధించెను. మన్మథుని బాణములు అయిదు గనుక 'శర' మనగా 5. చంద్రుడొక్కడే గనుక 'శశి' యనగా 1. ఆకాశము శూన్యము గనుక 0. ఒకట్ల స్థానమున మొదలిడి, ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. పద్యము నోటికి వచ్చినవానికి సంఖ్యయు వచ్చును.

కాని బాలలారా, గణము సరిపోయినంతనే లెక్క సరిపోయినట్లు కాదు. 'శర' కు బదులు 'గిరి' యన్నను గణము చెడదు. అంకె మాత్రము 5 పోయి 7 అగును. కావున పద్యమును చదువుటయేగాక, లెక్కను సరిచూడవలెను.

మొదటి నాలుగు గడుల మొత్తము 1+2+4+8, అనగా 15. తరువాతి నాలుగింటి మొత్తము దానికి 16 రెట్లు. ఇట్లే ప్రతి నాలుగు గడుల మొత్తమును 15చే భాగింపబడును. కావున మహాసంఖ్యయు 15చే భాగింపబడవలెను. చివరి అంకె 5; అంకెల మొత్తము 87, అది 3చే భాగింపబడును. పరీక్ష నెగ్గినది!

2ను 32 మారులు వేసి గుణించి 1 కలిపినచో 4,29,49,67,297 వచ్చును. మల్లన సంఖ్యను ఇది నిశ్శేషముగా భాగించును. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా దీనిని ప్రధానసంఖ్యయని తలచెను. 1732లో ఆయిలర్ దీనిని పరీక్షించి, 641చే భాగింపబడునని చూపెను. మహామహుల మాటయైనను సరిచూడనిదే లెక్క కాదు.

మల్లన సంఖ్యను మీరును 641చే భాగించి చూడుడు. శేషము మిగిలినచో కవిని నిందింపకుడు. తప్పును మీ పలకపై వెదకుడు.