స్వచ్ఛంద రచన – ప్రచురణ హక్కులు

ప్రతిఫలాపేక్ష లేకుండా వ్రాసి ఇచ్చిన వ్యాసానికి స్వామి ఎవరు? వ్రాసినవారా, ప్రచురించినవారా? సామాన్యంగా తోచే ఈ ప్రశ్నకు ఒక కంప్యూటర్ పత్రిక చరిత్ర చక్కని సమాధానం చెబుతుంది.

ప్రోగ్రాము మూలాన్ని దాచక, చదివి, మార్చి, పంచుకొనే స్వేచ్ఛ నిచ్చే సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్స్ అంటారు. ఆ కోవకు చెందిన లినక్స్‌ను గురించి అమెరికాలో జాన్ ఎం. ఫిస్క్ 1995 జూలైలో ‘లినక్స్ గెజిట్’ అనే పత్రికను అంతర్జాలంలో ప్రారంభించారు. అనతికాలంలోనే దాని నిర్వహణ సియాటిల్ నగరంలోని ఎస్.ఎస్.సి. అనే ప్రచురణ సంస్థకు సంక్రమించింది. అయినా వ్యాసకర్తలు స్వచ్ఛందంగానే వ్రాస్తూ వచ్చారు.

2003లో పత్రిక స్వరూపాన్ని మార్చే విషయమై సంస్థకూ, స్వచ్ఛంద కార్యకర్తలకూ విభేదం పొడసూపింది. కార్యకర్తలు విడిపోయి, అదే పేరుతో వేరొక చోటినుండి పత్రికను కొనసాగించారు. ఆ పేరు తన వ్యాపారచిహ్నమని సంస్థ వాదించింది. పేరును గురించి ఇంత వివాదం రేగినా, పాత వ్యాసాలు మాత్రం ఏ ఒక్కరి చేతిలోనూ బందీలు కాలేదు. వాటి స్వామ్యం రచయితలదే. పైగా రచయిత పేరునూ, షరతులనూ చెరపకుండా ఎవరైనా పునఃప్రచురించుకొనే వీలు కల్పించే ఓపెన్ పబ్లికేషన్ లైసెన్సు క్రింద అవి వెలువడ్డాయి. కార్యకర్తల పత్రిక 2011 జూన్ వరకు నడిచింది.

దీనినిబట్టి రెండు విషయాలు తేటపడుతున్నాయి. పత్రిక పేరు వేరు, అందలి రచన వేరు. స్వామ్యం వేరు, అనుమతి వేరు. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఇల్లు అమ్మినవాడు కాడు కదా!

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కూడ ఈ భేదాన్ని పాటిస్తుంది. జీతానికి గాక స్వేచ్ఛగా వ్రాసిన వ్యాసానికి తొలి స్వామి రచయితయే. ఆ స్వామ్యం మరొకరికి సంక్రమించాలంటే సంతకంతో కూడిన లిఖితపత్రం ఉండాలి. అందులో గడువు చెప్పకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగా భావిస్తారు. అనువాదహక్కు సైతం స్వామ్యంలో అంతర్భాగమే. కాబట్టి ఉర్దూ విభాగంలోని వ్యాసాన్ని తెలుగులోకి, తెలుగు వ్యాసాన్ని ఉర్దూలోకి తెచ్చేముందు రచయిత సమ్మతి పొందడం విధి.

విద్యార్థి మిత్రులారా! కళాశాల పత్రికకు వ్యాసమివ్వడమంటే దానిని ధారపోయడం కాదు. కళాశాల కమిటీవారికి ఒక మనవి. వ్యాసం స్వీకరించేనాడే ఒక చిన్న పత్రంలో మూడు సంగతులు వ్రాయించుకోవడం మేలు: ఈ సంచికలో ప్రచురణకు అనుమతి, ఇతరుల పునర్ముద్రణకు షరతులు, అనువాదానికి సమ్మతి. ఏ మార్పు చేసినా రచయిత పేరు మాత్రం చెరగరాదు. వేతనం లేని శ్రమకు దక్కే వేతనం ఆ పేరే.