గోడ వెనుక చప్పుడు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పాత పెంకుటిళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. మందపాటి మట్టిగోడలు, టేకు దూలాలు, వాసాలు, పైన గూన పెంకులు. అటువంటి ఇంట్లో దీపం ఆర్పాక గోడలోంచి 'టక్... టక్' మని వినిపిస్తుంది. లేచి చూస్తే ఏమీ ఉండదు. "భానామతి" అంటారెవరో. ఆ మాట అక్కడితో ఆగితే బాగుండును. చేసిందెవరు అనే ప్రశ్న వెంటనే పుడుతుంది. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే కుటుంబంలో ముగ్గురిని చంపేశారు. కనుక చప్పుడుకు కారణం వెదకడం ఉబుసుపోక చేసే పని కాదు.

ముందుగా ఒక చిక్కు ఉంది. చప్పుడు వినిపించిన చోటే పుట్టిందనుకోకూడదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఇనుములో సుమారు 5000 మీటర్లు పోతుంది. టేకు దూలం పొడవునా కూడా గాలిలో కంటె ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. వంటింటి మూల ఎలుక దూలాన్ని కొరికితే, ఆ దూలం ఆనిన పడకగది గోడ దగ్గరా వినిపిస్తుంది. నమ్మకం లేదా? మీ మిత్రుణ్ణి బల్ల ఒక చివర గోటితో మెల్లగా గీకమనండి. రెండో చివర చెవి ఆన్చి వినండి. చెవి పక్కనే గీకినట్లుంటుంది!

అందుచేత 'ఎక్కడ?' అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, 'ఎప్పుడు?' అని అడగండి. వారం రోజులపాటు చప్పుడు వినిపించిన వేళ, ఆనాటి ఎండ, గాలి, వాన నోటుపుస్తకంలో రాయండి.

ఎండాకాలం, పొద్దుగూకాక రెండు మూడు గంటలపాటు 'టక్' మని, రానురాను తగ్గిపోతే అది సంకోచం. మన జిల్లాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మీకు తెలిసిందే. కొన్ని పాత ఇళ్ళలో కప్పు కింద ఇనుప గర్డర్లు ఉంటాయి. 5 మీటర్ల గర్డరు 20 డిగ్రీలు చల్లబడితే సుమారు 1.2 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. గోడ దాన్ని పట్టుకుని ఉంటుంది. బిగువు పెరిగి పెరిగి, ఒక్కసారి జారుతుంది. ఆ జారుడే 'టక్'. రేకులూ అంతే. పరీక్షలో వ్యాకోచ సంకోచాలకు పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లలే రాత్రి ఈ చప్పుడు విని దుప్పటి ముసుగు పెడతారు!

అర్ధరాత్రి పరుగులు, గీకుళ్ళు అయితే ఎలుకలు. గోడ వారగా పలుచగా ముగ్గుపిండి చల్లండి, తెల్లవారి అడుగులు లెక్కపెట్టవచ్చు. కన్నంలో మాత్రం చెయ్యి పెట్టకండి. ఎలుకల వెంట పాము వస్తుంది.

దూలాన్ని తట్టగానే లోపల సన్నగా గలగలమంటే చెదలు కావచ్చు. సైనిక చెదపురుగులు తలలతో చెక్కను కొట్టి తమ వాళ్ళను హెచ్చరిస్తాయి. ఇంగ్లాండులో ఇలాగే చెక్కను తలతో కొట్టే ఒక పురుగుంది. జత కోసం అది చేసే చప్పుడును అక్కడి వాళ్ళు చావుకు సూచన అనుకునేవారు. చెదలైతే మట్టి సొరంగాలు కనిపిస్తాయి. చెక్క తొలిచే పురుగైతే సూదిబెజ్జాలు, కింద పిండి వంటి పొడి. టేకు చేవను ఇవి సులభంగా ముట్టవు కాని చేవలేని తెల్లచెక్కను వదలవు. తట్టినప్పుడు డొల్లగా మోగే దూలాన్ని వానలకు ముందే పెద్దలకు చూపించండి.

గోదావరిఖని, మందమర్రి వైపు వారికి మరో చప్పుడు తెలుసు. ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిపితే ముందు కిటికీ రెక్కలు గలగలలాడతాయి, తరువాత 'ఢాం' వినిపిస్తుంది. నేలలో కంపనం గాలిలోని శబ్దం కంటె ముందు చేరుతుంది. ఈ రెంటి మధ్య సెకన్లను 340తో గుణిస్తే గని ఎన్ని మీటర్ల దూరమో ఇంచుమించుగా తెలుస్తుంది.

ఇక వేళాపాళా లేకుండా స్విచ్చిబోర్డు దగ్గర 'జుయ్'మని వినిపిస్తే నోటుపుస్తకం కోసం వెళ్ళకండి. వైరు వదులైందో, ఎలుక కొరికిందో! గోడను ముట్టకుండా వెంటనే పెద్దలతో చెప్పి మెయిన్ ఆపించండి.