పెట్టుబడి సొమ్ము: వచ్చిన దినము, పోయిన దారి

2025 జూన్ నెలలో, మృగశిర కార్తె కడపటి దినములలో, మేము వర్ధన్నపేట దారిలోని యొక గ్రామమునకు వరి విత్తన శుద్ధి చూపుటకై పోయియుంటిమి. పని ముగిసిన పిమ్మట వేపచెట్టు క్రింద కూర్చున్న రైతులలో నొక పెద్దాయన, జేబులోనుండి చిన్న లెక్కల పుస్తకము తీసి, "సారూ, సర్కారు ఎకరానికి ఆరు వేలు ఏసింది. ఇది అప్పా, ఇనామా? ఏ పద్దుల రాసుకోవాలె?" అని మమ్ము అడిగెను. కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు, జవాబును రాలేదు. ఆనాటినుండి మేము తిరిగిన యిండ్లలో చూచినదానినిబట్టి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

తాతల కాలమున ప్రభుత్వమువలన రైతునకు వచ్చు సొమ్మనగా తక్కావీయే. బ్రిటిషు ఇండియాలో 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినదియు అప్పు చౌకగా దొరకుట కొరకే. అప్పు ఎంత చౌకదయినను అప్పే. 2018 మే 10వ తేదీన హుజూరాబాదులో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన రైతుబంధు వేరొక జాతిది. ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున మొదట చెక్కులుగా ఇచ్చిరి. పిదప బ్యాంకు ఖాతాలలో వేసిరి. 2019లో అది 5,000 ఆయెను. 2025 జనవరి 26వ తేదీనుండి రైతు భరోసా యను పేర 6,000 అయినది. ఇది తిరిగి కట్టునది కాదు, జామీను అడుగునది కాదు. కేంద్ర ప్రభుత్వపు కిసాన్ సమ్మాన్ నిధి దీనికి వేరు. అది ఏటికి మూడు మారులు రెండేసి వేలు వచ్చును. మేము చూచినంతలో ఆ రెండు వేలు చేనికి చేరుట అరుదు. ఉప్పు, పప్పు, పిల్లవాని బస్సు పాసు, ముసలమ్మ మందులు, వీటిలో కరగిపోవును. దానిని తప్పనుటకు మాకు నోరు రాదు.

ఇక లెక్కకు వత్తము. మూడెకరముల రైతు నొకనిని తీసికొందము. రెండెకరముల చెలకలో పత్తి, ఎకరము తరిలో వరి. అతనికి వచ్చునది 18,000. పత్తి విత్తనపు ప్యాకెట్టుకు 2025లో ప్రభుత్వము కట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరమునకు రెండు చొప్పున నాలుగింటికి 3,604. డి.ఏ.పి. బస్తా 1,350, మూడింటికి 4,050. నలుబదియైదు కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, ఆరింటికి 1,599. వెరసి 9,253. మిగిలినది 8,747. వరి విత్తనము ఇంటిదే యనుకొన్నచో, దుక్కి కిరాయియు మొదటి కలుపు కూలియు దీనిలోనుండి పోవలెను. పురుగుమందు, పత్తి ఏరు కూలి, వరికోత యంత్రపు కిరాయి దీనిలో ఇమడవు. కాబట్టి ఈ సొమ్ము సేద్యమంతటిని మోయదు. విత్తుటను మాత్రము మోయును.

అంతేనా యని తీసివేయరాదు. ఇదే 18,000 నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి జూన్‌లో తెచ్చి డిసెంబరులో తీర్చినచో వడ్డీ 3,240 అగును. ఇది కాగితముమీదికి వచ్చు లెక్క. కాగితముమీదికి రానిది వేరొకటి కలదు. విత్తనము, ఎరువు ఉద్దెర ఇచ్చు దుకాణదారుడే పలుచోట్ల పంట కొను అడ్తిదారుడు. అతడు చూపిన విత్తనమే విత్తవలెను. అతడు వ్రాసిన ధరయే ధర. పంట వచ్చిన దినమున అతని కాంటాకే పోవలెను. పత్తి ఆరినదా లేదా యని చూచుటకు రైతునకు తీరిక యుండదు. భారత పత్తి సంస్థ వారు ఎనిమిది పాళ్లు తేమవరకు పూర్తి మద్దతు ధర ఇచ్చెదరు, పండ్రెండు దాటినచో కొననే కొనరు. 2025-26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధర. తడి పత్తిని ఇంటిముందర నాలుగు దినములు ఎండబెట్టి అమ్మగలిగినవానికి క్వింటాలుకు 500 ఎక్కువ దొరకినదనుకొందము. పదునైదు క్వింటాళ్లకు అది 7,500. వడ్డీకి రెండింతలకంటె మిక్కిలి. జూన్‌లో చేతికి వచ్చిన నగదు ఫలము డిసెంబరులో ఏనుమాముల మార్కెట్టులో కనబడునని మేము చెప్పుట ఇందుకే.

ఈ ముడి ఎంత బలమైనదో వరంగల్లు జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు. 1997-98లో లద్దెపురుగు పత్తిని తినివేసెను. ఎన్నిమారులు చల్లినను మందు పనిచేయలేదు. అప్పిచ్చినవాడే మందమ్మినవాడగుటచేత రైతు ఎవరితో మొరపెట్టుకొనును? అనేకులు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. మేమప్పుడు మిషను బడి హాస్టలులో చదువుచుంటిమి. ఆ యేటి సంక్రాంతి సెలవులకు ఇండ్లకు పోయిన మా తరగతి పిల్లలలో ఇద్దరు మరల రాలేదు. వారి రేకు పెట్టెలు వేసవి దాక వరండాలోనే యుండెను.

ఎకరమునకు ఆరు వేలు ఆనాడున్నచో వారు బ్రతికియుందురని మేమనము. అట్లనుట తేలిక. కాని జూన్‌లో ఉద్దెర తీసికొనని రైతు మందు నాణ్యమును ప్రశ్నింపగలడు, దుకాణము మార్చగలడు. అది చిన్న స్వేచ్ఛ కాదు.

అందుచేతనే సొమ్ము ఎంత యనుదానికంటె ఏనాడు వచ్చెననునది ముఖ్యము. 2025 వానాకాలపు సొమ్ము జూన్ 16వ తేదీన వేయ మొదలిడిరి. అప్పటికి పత్తి విత్తినవారు విత్తిరి; వరివారికి మాత్రము నారుమడి వేళకు చక్కగా అందెను. 2024 వానాకాలమునకు ఈ సాయమే రాలేదు. దానికి ముందరి యాసంగి సొమ్ము పలువురికి కోత దినముల దాక అందలేదు. ఆలస్యమైన సొమ్ము ఎక్కడికి పోవునో మేము చూచితిమి: దుకాణదారుని పాత పద్దులోనికి. రైతు చేతిలో అది ఒక పూటయైనను నిలువదు. నగదిచ్చిన రైతులు కల్లు దుకాణమునకు పోవుదురని పట్టణములలో కొందరు అనుచుందురు. త్రాగువారు లేకపోలేదు; వారు సాయము లేని యేడును త్రాగిరి. మేమెరిగిన యిండ్లలో సొమ్మును మ్రింగినది కల్లు కాదు, పాత బాకీ.

ఈ విషయమున మా తప్పు నొకటి చెప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట ఒక సభ్యునికి, "ఖాతాలోనే యుంచుము, అవసరమైననాడు తీయుము" అని సలహా చెప్పితిమి. అతడు విత్తనమునకై పోవునప్పటికి బ్యాంకువారు దానిని పాత పంట అప్పు క్రింద జమకట్టుకొనియుండిరి. అట్లు చేయరాదని ప్రభుత్వము బ్యాంకులకు చెప్పినదే, అయినను జరిగెను. అతడు మూడు దినములు తిరిగి, నాలుగవ దినమున ఉద్దెరకే పోయెను. నాటినుండి మేము చెప్పునది వేరు. పాత బాకీ యున్నవారు సొమ్ము పడకముందే బ్యాంకు మేనేజరునకు వ్రాతమూలకముగా అర్జీ ఇచ్చి, రెండవ ప్రతిమీద ముద్ర వేయించుకొనవలెను. సొమ్ము పడిన వారములోనే ఎరువు, విత్తనము నగదుకు కొని రసీదు తీసికొనవలెను. పదిమంది కలిసి సంఘము ద్వారా కొన్నచో బండి కిరాయి కలిసివచ్చును.

ఇంటిలో ఈ సొమ్ము ఎవరి చేతినుండి పోవునను మాట యొకటి కలదు. కలుపు తీయునది, పత్తి ఏరునది ఆడువారు. పాసుపుస్తకము మాత్రము మగవాని పేర నుండును. మేము పోయిన యొక యింట ఇల్లాలు దుక్కికి, ఎరువుకు పోగా మిగిలిన నాలుగు వేలను కలుపు కూలికని మూటకట్టి బియ్యపు డబ్బాలో దాచెను. ఆ యింట కలుపు సకాలమున పడెను. ప్రక్కయింట పట్టా ఇంకను చనిపోయిన మామగారి పేరనే యున్నది. కోడలు మూడెకరములు సేద్యము చేయుచున్నను ఒక్క రూపాయి రాలేదు. ఇట్టివారు విరాసతు అర్జీని తహసీలుదారు కచేరిలో వెంటనే పెట్టవలెను. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది; దరఖాస్తు ఇపుడు దానిలోనే.

కౌలురైతు సంగతి ఇంతకంటె కఠినము. సొమ్ము పట్టా వెంట నడచును గాని నాగలి వెంట నడువదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న ప్రారంభమైన రైతు భరోసాలో వెనుకబడిన కులముల, దళిత, గిరిజన, అల్పసంఖ్యాక కౌలుదారులకు చోటిచ్చిరి. మన తెలంగాణలో భూమిలేని కూలి కుటుంబములకు ఏటికి 12,000 ఇచ్చు పథకమును 2025 జనవరిలో మొదలిడిరి; అయితే ఉపాధి హామీ పనికి ఇరువది దినములైనను పోయియుండవలెను, గుంటెడు భూమియు ఉండరాదు. అరయెకరము తనది, నాలుగెకరములు పరునిది దున్నువాడు ఇందులోనికి రాడు. అరయెకరమునకు వచ్చు మూడు వేలే అతని పాలు. తక్కిన నాలుగెకరముల సొమ్ము హనుమకొండలోనో హైదరాబాదులోనో కూర్చున్న పట్టాదారుని ఖాతాలో పడును.

ఆ వేపచెట్టు క్రింద అట్టివాడొకడు అంతవరకు మాటాడక కూర్చుండెను. లేచి పోవునపుడు మమ్ము వెంబడించి, "పట్టేదారు ఈ యేడు కౌలుల ఎకరానికి వెయ్యి తగ్గిస్తనన్నడు సారూ" అని చెప్పెను. కాగితముమీద వ్రాయించుకొంటివా యని అడిగితిమి. "కాగితమంటే చేనే ఇయ్యనంటడు" అనెను. మరుసటి దినమున మేము అతని పేర సంఘములో సభ్యత్వపు అర్జీ నింపి, నాలుగు బస్తాల ఎరువును కోతల దాక గడువుపై ఇప్పింపవలెనని కార్యవర్గమునకు వ్రాసితిమి.