మరక చూసి రంగు చెప్పాలిరా అల్లుడూ

కాకినాడ



మొన్న ఫోన్లో చెప్పావు చూడు, ఫ్లాటు ఓనరమ్మ "బాబూ, ఎక్కువ కాలం ఉండే పెయింటు ఏది?" అని అడిగితే షేడ్ కార్డు తీసి చేతికిచ్చేశానని. అక్కడే తప్పులో కాలేశావు. ఆవిడ అడిగింది రంగు గురించి కాదు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ఎవరింటికి పనికెళ్ళినా టేపు తీయకముందు పాత గోడలు చూడు. వాళ్ళు సామాను సర్ది, తుడిచేసుకోకముందే చూడాలి. హాల్లో దివాన్ వెనక, కూర్చున్న మనిషి తల ఎత్తులో గుండ్రంగా నల్లటి మచ్చ ఉంటుంది. అది ఆ ఇంటి బామ్మగారి కొబ్బరినూనె. స్విచ్ బోర్డు చుట్టూ జానెడు మేర జిడ్డు. పిల్లాడి ఎత్తులో స్కెచ్ పెన్ను బొమ్మలు. దేవుడి గూటి పైన దీపం మసి. వసారాలో బైకు హ్యాండిల్ గీరిన గీత. ఏ గోడకి ఏం వెయ్యాలో ఆ ఇల్లే చెప్పేస్తుంది, మనం వినాలంతే.

పెయింటంటే ఏవిటి? రంగుపొడి, జిగురు, ఆ రెండిటినీ కలిపి మోసే నీళ్ళో టర్పెంటైనో. నీళ్ళు ఆరిపోతాయి, మిగిలేది జిగురూ పొడీ. జిగురు ఎక్కువున్నది ఆరాక నున్నగా మూసుకుపోతుంది, మరక పైనే ఆగుతుంది, తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. పొడి ఎక్కువై జిగురు తగ్గితే చూడ్డానికి మెత్తగా బాగుంటుంది కానీ మరకని లోపలికి తాగేస్తుంది. చవక డిస్టెంపర్ గోడని తడిగుడ్డతో రుద్ది చూడు, గుడ్డకే రంగంటుకుంటుంది. అందుకని సీలింగుకి ఖరీదైన డబ్బా వద్దు, దాన్నెవరూ ముట్టుకోరు. ఆ డబ్బులు ఆనుకునే గోడకి, నడవాకి, పిల్లల గదికి పెట్టించు.

అలాగని అంతటా మెరిసేది వేస్తే నీ పనే నిన్ను పట్టిస్తుంది. మెరుపున్న పూత గోడ ఎగుడుదిగుళ్ళని దాచదు. లప్పం అరగదీశాక రాత్రిపూట లైట్లాపి, టార్చి గోడకి ఆనించి పక్కవాటుగా వేసి చూడు. పగలు అద్దంలా కనిపించిన గోడ చెరువులో అలల్లా ఉంటుంది. అది సరిచేసేదాకా మెరుపు మాటెత్తకు.

నూనె మచ్చ మీద తిన్నగా ఎమల్షన్ వేస్తే నెలలో మళ్ళీ తేలుతుంది. మీ అమ్మమ్మ ఆనుకునే గోడకి ప్రతి సంక్రాంతికీ సున్నం వేసేవాణ్ణి. నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి మరీ. కనుమ వెళ్ళేసరికి మచ్చ మళ్ళీ హాజరు! సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక ఆయిల్ ప్రైమర్ ఒక చెయ్యి వేసి, అప్పుడు రంగెయ్యాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దీపం మసికీ ఇదే వైద్యం. సున్నాన్ని మాత్రం తక్కువ చూడకు. పాత సున్నపు గచ్చు ఇళ్ళకి, మట్టి గోడలకి ఇప్పటికీ అదే మంచిది, లోపలి చెమ్మని బయటికి పోనిస్తుంది. వాటికి ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ లోపల చిక్కుకుని పొట్టు పొట్టుగా ఊడుతుంది.

చెమ్మ అంటే గుర్తొచ్చింది, నా చేతులు కాలిన కథ. ఒక గృహప్రవేశం. ముహూర్తం దగ్గరపడింది, ప్లాస్టరింగ్ అయి పన్నెండు రోజులే. ఆగమని చెప్పాల్సినవాణ్ణి, అడ్వాన్సు తీసుకున్నాను కదాని నోరు మూసుకుని వేసేశాను. ముహూర్తం నాటికి ఇల్లు పెళ్ళికూతురిలా ఉంది. మొదటి వానాకాలానికే గోడంతా తెల్లగా చౌడు, అక్కడక్కడా బొబ్బలు. గోకించి మళ్ళీ నా డబ్బుతోనే వేశాను. కొత్త ప్లాస్టర్‌కి తడుపు అయ్యాక కూడా ఆరే టైమివ్వాలి, మొత్తం 28 రోజులకు తగ్గకూడదు. అనుమానముంటే మూరెడు పాలిథీన్ కవరు గోడకి నాలుగు వైపులా టేపేసి అంటించు. తెల్లారి దాని వెనక నీటిబొట్లు కనిపిస్తే డబ్బా మూత తీయకు. బాత్రూం గోడకి అవతలి వైపు ఇది తప్పకుండా చెయ్యి. లీకేజీని ఏ కంపెనీ రంగూ ఆపలేదు, ముందు ప్లంబర్ని పిలవాలి.

తెల్ల సిమెంటు లప్పమైతే గోడ తడిపి, రెండు పల్చటి పూతలు. మందంగా పెడితే పగుళ్ళే. రంగులో నీళ్ళు డబ్బా మీద రాసినన్నే పొయ్యి. లీటరు సాగదీద్దామని మనవాళ్ళు చేసే పని నీకు తెలుసు, నాకూ తెలుసు.

వంటింట్లో పోపు చిమ్మే మేర టైల్సే శరణ్యం. టైలు పాడవదు, పసుపూ నూనే పట్టి నల్లబడేది మధ్య సందులు. అక్కడ తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ పెట్టమను, ఖరీదైనా సరే. గట్టుకి గ్రానైటు. చూడ్డానికి బాగుందని పాలరాయి వేయించుకునేవాళ్ళుంటారు. ఒక నిమ్మచెక్క దాని మీద బోర్లించి పావుగంట ఆగి చూపించు, మెరుపు పోయిన గుండ్రటి మచ్చ మిగులుతుంది. తాండూరు రాయికీ అదే గతి, చింతపండు పులుసు పడితే చాలు. నేలకి మాత్రం దాన్ని మించింది లేదు.

ఇంకోటి, దీన్ని సరదాగా తీసుకోకు. ఇళ్ళకి వేసే పెయింటులో సీసం పది లక్షల పాళ్ళకి 90 మించకూడదని 2017 నవంబరు 1 నుంచి చట్టం. అంతకుముందు వేసిన ఎనామిల్ పాత తలుపుల మీద, కిటికీ ఊచల మీద ఇంకా ఉంది. దాన్ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దకు. తడిపి రుద్దు, మూతికి మాస్కు కట్టు, పొడి తడిగుడ్డతో ఎత్తు. ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకు. మేం యాభై ఏళ్ళు నోటికి తువ్వాలు కూడా లేకుండా రుద్దాం.

రేపు ఆ ఓనరమ్మ దగ్గరికి షేడ్ కార్డు లేకుండా వెళ్ళు. "అమ్మా, మీ ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటారు?" అని అడుగు. సాయంత్రం బాత్రూం గోడకి కవరంటించి రా. తెల్లారాక ఏం కనిపించిందో ఫోన్ చెయ్యి. పండక్కి వచ్చేటప్పుడు నాకో నాలుగంగుళాల బ్రష్షు పట్రా, ఇక్కడ దొరికేవాటికి వెంట్రుకలు రాలుతున్నాయి.

మీ మావయ్య